కరెంటు కంచె

గడ్డి కోయను, గొడ్లను మేపను చేలగట్ల వెంట పోతుంటాం. ఆ గట్ల మీద తీగ ఉందా? చూసి నడవాలి.

అడవి పందులు రాకుండా కొందరు చేనుచుట్టూ తీగకట్టి, నేరుగా లైను కరెంటు ఇస్తారు. ఇది నేరం. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో ఈ తీగలు తగిలి మనుషులు, పశువులు చనిపోయారు.

ఎందుకంటే ఆ కరెంటు 230 వోల్టులు. ఆగకుండా పారుతుంది. పట్టుకున్న చెయ్యి బిగుసుకుపోతుంది.

పశువుల కోసం కట్టే సోలారు కంచె వేరు. దానికి ఒక పెట్టె ఉంటుంది. సుమారు సెకనుకొకసారి, రెప్పపాటుకన్నా తక్కువసేపు షాకు కొడుతుంది. బర్రె ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. ప్రాణం పోదు.

నేరుగా కరెంటు ఇచ్చిన తీగ కనబడితే ముట్టుకోవద్దు. లైన్‌మన్‌కు చెప్పాలి. ఎవరికైనా తగిలితే, కరెంటు ఆపకుండా వాళ్లను పట్టుకోవద్దు.