లోకం చూడబోయే ముందు కంభం చెరువు చూద్దాం

ఒక రోజు ఆఖరి పీరియడులో పిల్లల్ని సరదాగా ఒక ప్రశ్న అడిగాము. "ప్రపంచంలో మీరు చూడాలనుకునే అందమైన ప్రదేశాలు చెప్పండి" అన్నాము. తాజ్‌మహల్ అన్నారు, కాశ్మీర్ అన్నారు, నయాగరా జలపాతం అన్నారు. దుబాయిలో మేనమామ ఉన్న పిల్లవాడు బుర్జ్ ఖలీఫా అన్నాడు. అందరూ చెప్పాక వెనక బెంచీలోని ఒక అమ్మాయి లేచి, "సార్, మన దగ్గర అట్లాంటిది ఏమీ లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదమ్మా, కంభం చెరువు లేదా? చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నాము. నలుగురు మగపిల్లలు ఎత్తారు. ఆడపిల్లల వైపు ఒక్క చెయ్యీ లేవలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి ఈ సంగతి మా ఆపాకు చెప్పాము. ఆమె మాకంటే పెద్దది, అరవై దాటింది. పుట్టింది, పెరిగింది, మెట్టింది అంతా మార్కాపురంలోనే. ఆమె నవ్వి, "పిల్లల మాట దేనికిరా తమ్ముడూ, నేను మాత్రం చూశానా? పెళ్ళిళ్ళకని కంభం పదిసార్లు పోయుంటాను. పెళ్ళిపందిరి చూశాను, వంటపొయ్యి చూశాను, వచ్చాను" అన్నది.

మాకు మాట రాలేదు. కంభం మార్కాపురం నుంచి బస్సులో గంట దారి. మదర్సాలో చదివే రోజుల్లో మేము ఆగ్రా వెళ్ళి తాజ్‌మహల్ చూసి వచ్చాము. దాని గురించి ఆపాకు ఎన్నోసార్లు వర్ణించి చెప్పాము కూడా. గంట దూరంలో ఉన్న చెరువుకు ఆమెను తీసుకువెళ్ళాలని మాత్రం ఒక్కసారీ తోచలేదు.

చూడటం కూడా ఒక చదువే

భూమిపై సంచరించి, సృష్టి ఎలా ఆరంభమైందో గమనించమని దివ్య ఖుర్ఆన్ మనకు బోధిస్తున్నది. వెనకటి జాతులు ఏమైపోయాయో చూసి గుణపాఠం నేర్వమని ఇంకా అనేక చోట్ల చెప్పింది. అంటే ప్రయాణం కాలక్షేపం కోసమే కాదు. కళ్ళతో చూసి మనసుతో ఆలోచించటం కోసం. ఉర్దూలో దీన్నే 'ఇబ్రత్' అంటాము.

ఇబ్నె బతూతా 1325లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, హజ్ కోసం మొరాకోలోని టాంజియర్ నుంచి బయలుదేరాడు. మళ్ళీ స్వదేశం చేరటానికి దాదాపు పాతికేళ్ళు పట్టింది. మన దేశానికీ వచ్చి ఢిల్లీలో ఖాజీగా పని చేశాడు. వెళ్ళిన చోటల్లా అక్కడి మనుషులు ఏం తింటున్నారు, నీళ్ళు ఎక్కడినుంచి తెచ్చుకుంటున్నారు, న్యాయం ఎలా జరుగుతున్నది అని గమనించాడు. అందుకే ఆయన యాత్రాగ్రంథాన్ని ఇప్పటికీ చదువుతున్నారు.

ఆ దృష్టితో చూస్తే లోకం మెచ్చిన అనేక అందాల వెనక నీళ్ళే కనిపిస్తాయి. స్పెయిన్‌లోని గ్రనాడాలో ఉన్న అల్ హంబ్రా కోటను 1984లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. కొండమీది ఆ కోట తోటలకు, కొలనులకు దార్రో నది నుంచి కాలువ తవ్వి నీళ్ళు తెచ్చారు. ఆ కాలువే లేకపోతే అల్ హంబ్రా ఒక ఎండిన రాతికోట అయ్యేది. తాజ్‌మహల్ తోటకూ యమునా నీటిని పైకి తోడి పారించారు. ఒమన్ దేశంలో 'అఫ్లాజ్' అనే పురాతన కాలువలున్నాయి. నేల అడుగున, కొండ పాదాల్లో ఉన్న నీటిని కేవలం వాలు ఆధారంగా ఊళ్ళకు, ఖర్జూర తోటలకు చేరుస్తాయి. వాటిలో ఐదింటిని 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మస్కట్‌లో పని చేసే మన పిల్లలు సెలవు రోజున చూసి రావలసిన చోట్లు అవి.

మన చెరువు సంగతి

ఇక కంభం చెరువు దగ్గరికి వద్దాం. నల్లమల కొండల్లో పుట్టిన గుండ్లకమ్మ నది తూర్పుకు పారి ఒంగోలు ప్రాంతంలో సముద్రంలో కలుస్తుంది. కంభం దగ్గర ఆ నది కొండల నడుమ ఇరుకు సందు గుండా పోతుంది. పెద్దలు ఆ సందును చూశారు. రెండు కొండలను కలుపుతూ కట్ట వేశారు. మూడు వైపులా గోడ కట్టే శ్రమ లేదు, కొండలే గోడలయ్యాయి. కట్ట చూస్తే చిన్నది, దాని వెనక నిలిచే నీరు మాత్రం దాదాపు 7 కిలోమీటర్ల పొడవు, సగటున మూడున్నర కిలోమీటర్ల వెడల్పు. గత శతాబ్దం మొదట్లో వెలువడిన ఆంగ్ల ప్రభుత్వపు గెజిటీరులో కట్ట ఎత్తు 57 అడుగులనీ, 430 చదరపు మైళ్ళ నేలమీద పడిన వాన ఇందులోకి చేరుతుందనీ, సుమారు 10,300 ఎకరాలు దీని కింద సాగవుతున్నాయనీ రాశారు. ఆసియాలోని పాతకాలపు పెద్ద చెరువుల్లో ఒకటిగా దీనికి పేరుంది.

ఈ విద్య గాలివాటంగా వచ్చింది కాదు. గిద్దలూరుకు దక్షిణాన, కడప సీమలో పోరుమామిళ్ళ చెరువుంది. అక్కడ 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలను, ఉండకూడని 6 దోషాలను వివరిస్తుంది. తీయని నీళ్ళున్న నది, దాన్ని ఒరుసుకున్న కొండ, మరీ పొడవు లేని గట్టి రాతికట్ట, దగ్గరలోనే రాయి దొరికే గని, పని తెలిసిన కూలీలు ఆ లక్షణాల్లో కొన్ని. కంభంలో కట్టమీద నిలబడి చూస్తే ఆ లెక్క మన కళ్ళ ముందే కనబడుతుంది.

2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల కమిషన్ కంభం చెరువును ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించింది. అదే ఏడాది పోరుమామిళ్ళ చెరువుకు, కర్నూలు కడప కాలువకు కూడా ఆ గౌరవం దక్కింది. లోకం గుర్తించినదాన్ని మన వీధిలోని పిల్లలు చూడకపోవటం ఏమిటి?

ఇద్దరు రాణులు

ఈ చెరువును శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఇంటి ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని కంభంలో తరతరాలుగా చెప్పుకుంటారు. రాయలు ఏలినది 1509 నుంచి 1529 వరకు. ఆ లెక్కన ఐదు వందల ఏళ్ళు కావస్తున్నది. ఈ మాట విన్నప్పుడల్లా మాకు మరొక రాణి గుర్తుకొస్తుంది. ఆమె బగ్దాదు ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా. హజ్ యాత్రికులు మక్కాలో నీళ్ళకు అల్లాడటం చూసి, నోమాన్ లోయ నుంచి అరఫాత్ మీదుగా కాలువ వేయించింది. కూఫా నుంచి మక్కాకు పోయే ఎడారి దారిలో బావులు, నీటి తొట్లు కట్టించింది. ఆమె 831లో కన్నుమూసింది. 'ఐనె జుబైదా' అనే ఆ కాలువ మాత్రం వెయ్యేళ్ళకు పైగా యాత్రికుల దాహం తీర్చింది.

ఇద్దరిదీ ఒక మతం కాదు, ఒక దేశం కాదు, ఒక కాలం కాదు. ఇద్దరూ రాణులే, నగలు చేయించుకోగల సొమ్మును నీళ్ళకు ఖర్చు పెట్టారు. మనిషి మరణించిన తర్వాత కూడా పుణ్యం అందుతూ ఉండే దానాన్ని మనం 'సదఖయె జారియా' అంటాము. కంభం చెరువు నీళ్ళు ఐదు వందల ఏళ్ళుగా ఎవరి మతమేమిటని అడగకుండా అందరి పొలాలకూ పారాయి. మన తాతలు తిన్న అన్నంలో ఆ నీళ్ళున్నాయి.

మేము వెళ్ళిన రోజు

మంచి వానలు పడిన ఏడాది డిసెంబరులో ఆపాను, పిల్లల్ని తీసుకుని వెళ్ళాము. కంభంలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాము. కట్ట ఎక్కగానే పిల్లలు "సముద్రం! సముద్రం!" అని కేకలు వేశారు. ఆపా ఏమీ అనలేదు. బుర్ఖా ముసుగు కొంచెం పైకి జరుపుకొని చాలాసేపు అట్లాగే నిలబడింది. కొండ నీడ నీళ్ళమీద పడుతున్నది, దూరంగా కొంగలు వాలుతున్నాయి. కాసేపటికి, "ఇదంతా ఒక ఆడమనిషి కట్టించిందా?" అని అడిగింది. అవునన్నాము. "మరి ఆడవాళ్ళను ఎవరూ ఎందుకు తీసుకురారు?" అన్నది.

ఈ ప్రశ్నకు జవాబు మనమందరం చెప్పుకోవాలి. ఇంట్లో మగపిల్లలు మోటారుసైకిళ్ళమీద ఎక్కడెక్కడో తిరిగి వస్తారు. ఆడవాళ్ళకు ప్రయాణమంటే పెళ్ళి, పురుడు, ఆసుపత్రి, చావు. "ఆడవాళ్ళకు షికార్లెందుకు" అనేవారికి ఒక మాట గుర్తు చేస్తాము. దైవప్రవక్త (స) తమ ప్రయాణాలలో సతీమణులను వెంట తీసుకువెళ్ళేవారు. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం కూడా వేశారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. పర్దాను, మర్యాదను పాటిస్తూ కుటుంబమంతా కలిసి వెళ్ళటానికి అడ్డేమీ లేదు. లోపించింది మన తలంపు మాత్రమే.

ఆ రోజు సిగ్గుపడిన సంగతి ఒకటి కూడా చెప్పాలి. మేము కూర్చుందామనుకున్న చెట్టు కింద మాకంటే ముందు వచ్చినవారు బిర్యానీ తిన్న కాగితం ప్లేట్లు, నీళ్ళ ప్యాకెట్లు వదిలి పోయారు. పక్కనే పడి ఉన్న మిఠాయి పెట్టెమీద ఉర్దూలో ఈద్ ముబారక్ అని ఉంది. అంటే మనవారే. దారిలో ఇబ్బంది కలిగించే వస్తువును తొలగించటం కూడా ఈమాన్‌లో ఒక భాగమని ప్రవక్త (స) బోధించారు. ఆ పాఠం క్లాసులో చెప్పిన మేమే అక్కడ నిలబడి, పిల్లలతో కలిసి ఒక సంచి నిండా ఆ చెత్త ఏరాము.

చెరువు మన అమానత్

వానలు తక్కువైన ఏళ్ళలో ఈ చెరువులో చాలా భాగం ఎండిపోయి నెర్రెలిచ్చిన బురద కనబడుతుంది. మన ప్రాంతంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టని ఊరు తక్కువ. ఫ్లోరైడు నీళ్ళతో పళ్ళు, ఎముకలు పాడైనవారు మన మధ్యనే ఉన్నారు. అట్లాంటి సీమలో చెరువులో పేరుకునే ప్రతి తట్ట పూడికా ఒక తట్ట నీళ్ళను దూరం చేస్తుంది. వాగుల దారిలో వేసే ప్రతి అడ్డుకట్టా, నరికే ప్రతి చెట్టూ చెరువు కడుపు కొడుతుంది. కళ్ళతో చూడనిదాన్ని ఎవరూ ప్రేమించరు, ప్రేమించనిదాన్ని కాపాడరు. పిల్లల్ని తీసుకువెళ్ళమనటం అందుకే.

చెరువుతోపాటు చూడవలసినవి ఇంకా ఉన్నాయి. గిద్దలూరులో పగటిపూట నంద్యాల రైలు ఎక్కితే, దిగువమెట్ట దాటాక నల్లమల అడవి కిటికీ పక్కనే నడుస్తుంది. మీటరుగేజీ కాలపు దొరబావి వంతెన ఆ అడవిలోనే ఉంది. 1990లలో బ్రాడ్‌గేజీ వచ్చాక దానిమీద రైళ్ళు ఆగిపోయాయి. చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోనలో కొండను తొలిచి మలచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం ఉన్నాయి. మార్కాపురం చుట్టూ ఉన్న పలకల గనులనూ పిల్లలకు చూపించాలి. మక్తబ్‌లో మేము మొదట అలిఫ్, బే దిద్దింది ఆ పలకమీదే. రాయిని పొరలుగా చీల్చే పనిలో ఆ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకునే కూలీల సంగతి కూడా అప్పుడే చెప్పాలి.

వెళ్ళేవారికి నాలుగు మాటలు. చెరువు చూడటానికి వానాకాలం పోయాక, అక్టోబరు నుంచి జనవరి వరకు మంచి కాలం. పిల్లల్ని తూముల దగ్గరికి, నీళ్ళలోకి పోనివ్వవద్దు. అన్నం ఇంటినుంచి కట్టుకుపోండి, ఆకులూ కవర్లూ తిరిగి ఇంటికే తెచ్చుకోండి. జానమాజ్ ఒకటి వెంట ఉంచుకోండి. మార్కాపురం, గిద్దలూరు వారికి ఇది ఖస్ర్ వర్తించేంత దూరం కాదు గనుక జొహర్ నాలుగు రకాతులూ చదువుకోవలసిందే.

తిరుగు ప్రయాణంలో ఆపా బస్సు కిటికీ పక్కన కూర్చున్నది. ఊరు దగ్గర పడుతుండగా, "తాజ్‌మహల్ సంగతి నువ్వు చెబుతుంటే వినేదాన్ని. ఈ చెరువు సంగతి ఇక నేను చెబుతాను, నువ్వు విను" అన్నది. వచ్చే నెల ఇద్దరు కోడళ్ళనూ, మనవరాళ్ళనూ తీసుకుపోతానని ఆటో మనిషి ఫోను నంబరు కూడా అడిగి రాయించుకున్నది. మా తరగతిలో ఈసారి అదే ప్రశ్న అడిగినప్పుడు ఆడపిల్లల వైపు కనీసం రెండు చేతులు లేస్తాయి. మీ ఇంట్లో ఎన్ని చేతులు లేస్తాయో ఈ రోజు జుమా నమాజు నుంచి ఇంటికి వెళ్ళగానే అడిగి చూడండి.