చేతికి లొంగిన తుపాకే నమ్మకమైన తుపాకి

తూటా ఎంత పెద్దదైతే రక్షణ అంత గట్టిది అనుకునేవారు చాలామంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుంచి కర్నూలులో తుపాకీ లైసెన్సుకు అర్జీ పెట్టుకునేవారికి తూటా ఎంపికలో సగం చట్టమే చేసిపెడుతుంది. 9 మి.మీ. సైన్యం, పోలీసులు వాడే క్యాలిబర్ కాబట్టి నిషిద్ధ బోర్ కిందికి వస్తుంది. కలెక్టరు ఇచ్చే లైసెన్సు మీద మామూలుగా కొనేది పాయింట్ 32.

అది తక్కువదా? లెక్క చూద్దాం. పాయింట్ 32 పిస్టల్ గుండు సుమారు 4.6 గ్రాములు. సెకనుకు 275 మీటర్ల వేగంతో వెళితే దాని శక్తి 175 జౌళ్ల దాకా ఉంటుంది. 7.5 గ్రాముల 9 మి.మీ. గుండు 360 మీటర్ల వేగంతో వెళితే 485 జౌళ్లు. శక్తి మూడింతలకు దగ్గరైతే, చేతిని వెనక్కి తన్నే ద్రవ్యవేగం కూడా రెండింతలు దాటుతుంది. ఆ తన్నుకు జడిసిన చేయి ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే బిగుసుకుంటుంది, గుండు గురికి కిందుగా పోతుంది. తగలని గుండుకు ఎంత శక్తి ఉండీ లాభం లేదు.

పోటీ షూటర్లకు ఈ సంగతి బాగా తెలుసు. హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం గెలిచింది. ఆ పోటీలో వాడేది 2.6 గ్రాముల చిన్న పాయింట్ 22 గుండే. ర్యాపిడ్ దశలో చేయి కిందికి దించి ఉంచాలి. సంకేతం రాగానే 3 సెకన్లలో చేయెత్తి, గురి చూసి, ఒక్క గుండు పేల్చాలి. ట్రిగ్గర్ కనీసం కిలో బరువు మోయాలన్నది నియమం. తన్ను తక్కువ కాబట్టే ప్రతిసారీ చేయి అదే చోట నిలుస్తుంది.

అయితే పాయింట్ 22లో నిప్పంటించే మందు తూటా అంచులో ఉంటుంది. అది అంచంతా సమంగా పరుచుకోకపోతే తూటా పేలదు. రక్షణకు దాన్ని నమ్ముకోకపోవడానికి ఇదొక కారణం. పాయింట్ 32లో ఆ మందు అడుగున నడిమధ్యన ఉంటుంది. రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా ఎదురుకొస్తుంది. పిస్టల్ అలా కాదు. పేలుడు తాకిడికి స్లైడ్ వెనక్కి పోవాలి, ఖాళీ షెల్ బయటికి ఎగరాలి, స్ప్రింగ్ కొత్త తూటాను ముందుకు తోయాలి. పట్టు సడలినా, ఆయిల్‌కు దుమ్ము అంటుకుని జిగురైనా ఈ వరుస మధ్యలో ఆగిపోతుంది. పత్తి నూగు, నల్లరేగడి దుమ్ము ఉండే ఊళ్లలో ఆయిల్ పలుచగా రాయాలి, తరచూ తుడవాలి. ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్‌లో అప్పగించిన తుపాకీ తిరిగి వచ్చాక తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు చూపించడం మంచిది.

మరో జాగ్రత్త: కాన్పూర్‌లో తయారయ్యే రివాల్వర్, ఇషాపూర్‌లో తయారయ్యే అశని పిస్టల్ రెండూ పాయింట్ 32 రకాలే అయినా, వాటి తూటాలు వేరు. ఒకదానివి మరొకదానిలో వాడకూడదు.

కాబట్టి ముందు ఎయిర్ పిస్టల్‌తో, శిక్షకుల దగ్గర గురి నేర్చుకోండి. తర్వాతే తుపాకీ ఎంచుకోండి. గురి తప్పిన పాయింట్ 22 గుండు కూడా కిలోమీటరు దాటి పోగలదు. అది ఎవరికి తగిలినా బాధ్యత పేల్చినవారిదే. అంత బాధ్యత మోయగలమన్న నమ్మకం సాధనతో కుదిరితేనే లైసెన్సుకు అర్జీ పెట్టండి.