బస్సు జాడ తప్పినప్పుడు

రేపల్లె బస్టాండులో ఒక విద్యార్థి తెనాలి నుండి రావలసిన బస్సు కొఱకు ఎదురుచూచుచున్నాడనుకొందము. చేతిలోని సెల్‌ఫోనులో బస్సు గుర్తు భట్టిప్రోలు వద్ద కదలక నిలిచియున్నది. బస్సు చెడిపోయినదని తలచి అతడు వెళ్ళిపోవును. రెండు నిమిషములకే బస్సు వచ్చును! మరి పటము అబద్ధమాడినదా? లేదు, పాత వార్తను చెప్పినది.

బస్సు జాడ మనకు తెలియవలెనన్న రెండు పనులు జరుగవలెను. బస్సు తానెక్కడ నున్నదో తెలిసికొనుట మొదటిది. ఆ సంగతిని మనకు పంపుట రెండవది.

మొదటి పనికి ఉపగ్రహములు తోడ్పడును. జి.పి.ఎస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు, తమ గడియారముల కాలమును రేడియో తరంగములపై ఎడతెగక ప్రకటించుచుండును. ఆ తరంగము మనలను చేరుటకు సుమారు సెకండులో 15వ వంతు పట్టును. కాలమును కొలుచుటలో సెకండులో పదిలక్షవ వంతు పొరపాటు జరిగినను, దూరములో 300 మీటర్ల తప్పు వచ్చును. అందువలననే స్థానమునకు మూడు, గడియారమును సరిదిద్దుటకు ఒకటి, మొత్తము నాలుగు ఉపగ్రహములు కావలెను. బస్సులోని పరికరము వినును, అంతే. బస్సు ఎక్కడ నున్నదో ఉపగ్రహమునకు తెలియదు.

రెండవ పని సెల్‌ఫోన్ టవర్లది. పరికరము తన స్థానమును టవరు ద్వారా కేంద్రమునకు పంపును.

ఈ రెండింటిలో ఏది తెగినను గుర్తు నిలిచిపోవును. కాని కారణములు వేరు. ఉపగ్రహ సంకేతము మిక్కిలి బలహీనము. ఇనుప రేకుల షెడ్డు క్రింద అది అందకపోవచ్చును. మేఘములు, వాన మాత్రము దానిని దాదాపు అడ్డగింపవు. టవరు సంగతి అట్లు కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అట్టి తుపానులలో కరెంటు పోయి, టవరు బ్యాటరీలు ఒట్టిపోయినచో, బస్సుకు తన చోటు తెలియును గాని చెప్పుకొను దారి యుండదు. కొన్ని పరికరములు ఆ వివరములను దాచుకొని, టవరు అందగానే పంపును. అప్పుడు పటముపై గుర్తు ఒక్కసారిగా ముందుకు గెంతును.

విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. గంటకు 36 కి.మీ. వేగమనగా సెకండుకు 10 మీటర్లు. సంకేతము తెగి 5 నిమిషములైనచో బస్సు 3 కి.మీ. ముందుండవచ్చును, 20 నిమిషములైనచో 12 కి.మీ. లేదా నిజముగనే ఆగియుండవచ్చును. కాలము గడచిన కొలది మన సందేహము పెరుగును.

కాబట్టి గుర్తును చూచుటకు ముందు, ఆ వార్త ఎప్పటిదో చూడవలెను. ఎప్పటిదో తెలియని కొలత సగము కొలతయే.