రంగం రేవులో రగిలిన చిచ్చు

కోస్తా జిల్లాల పాతతరం వారికి ‘రంగం’ అంటే బర్మాలోని రంగూన్. పంట పోయినా, అప్పు పెరిగినా కాకినాడలోనో, విశాఖలోనో, కళింగపట్నంలోనో ఓడ ఎక్కి రంగం పోవడం ఆనాటి రివాజు. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవు పేరు మీద తెలుగువారిని అక్కడ ‘కొరంగీలు’ అనేవారు. బియ్యం బస్తాలు మోయడం, రిక్షాలు లాగడం, వీధులు ఊడ్వడం వారి పనులు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

కూలి కోసం సమ్మె

1930 మే నెలలో కూలి పెంచాలంటూ రేవులోని తెలుగు కూలీలు సమ్మె కట్టారు. ఓడల సరుకు ఎత్తి దించే కంపెనీలు వారి బదులు బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె పరిష్కారం కాగానే బర్మావారిని పొమ్మన్నాయి. మే 26న పనికి వచ్చినవారు ఉత్త చేతులతో తిరగవలసి వచ్చింది. మాటామాటా పెరిగింది. కొట్లాట ఊరంతా పాకింది. వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది తెలుగు కూలీలే. ఇరువురితోనూ ఆట ఆడింది కంపెనీలు; తలలు పగిలింది కూలీలవి.

ఉపన్యాసాల ఆజ్యం

అదే కాలంలో ధాన్యం ధర పడిపోయింది. అప్పు తీర్చలేని బర్మా రైతుల పొలాలు తమిళదేశపు చెట్టియార్ల వశమయ్యాయి. 1930 దశకం చివరికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో నాలుగో వంతు భూమి వారి చేతికి వచ్చింది. రైతు గోడు నిజమైనదే. కాని ‘బర్మా బర్మావారిదే’ అన్న నినాదం అప్పిచ్చిన షావుకారునూ, బస్తా మోసిన కూలీనీ ఒకే గాటన కట్టింది. 1938 జూలైలో ఒక పుస్తకంపై రేగిన ఆగ్రహాన్ని పత్రికలు ఎగదోశాయి. మళ్లీ నెత్తురు పారింది.

వలసలపై విచారణ జరిపిన జేమ్స్ బాక్స్టర్ నివేదిక 1941లో వెలువడింది. భారతీయులు బర్మావారి పనులు లాక్కున్నారనడానికి ఆధారం లేదని అందులో తేల్చారు. అప్పటికే మనసులు విరిగిపోయాయి.

తిరుగు దారి

1942లో జపాన్ సేనలు రాగా సుమారు 5 లక్షలమంది భారతీయులు బర్మా విడిచారు. అత్యధికులు కొండలు, అడవుల వెంట కాలినడకన వచ్చారు. వేలాదిమంది దారిలోనే రాలిపోయారు. 1962లో నీవిన్ సైనిక పాలన వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేశాక, మిగిలినవారిలో అనేక కుటుంబాలు కట్టుబట్టలతో ఓడ ఎక్కాయి. విశాఖ కంచరపాలెంలోని ‘బర్మా క్యాంపు’ వారి గుర్తే.

నేడు వరినాట్లకు బెంగాల్ నుంచి, ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి కూలీలు ఈ పల్లెలకే వస్తున్నారు. వారిని చూపి ‘పరాయివాళ్లు’ అని ఎవరైనా గొంతు పెంచినప్పుడు ఒక్కమాట జ్ఞాపకం చేసుకోవాలి. రంగం రేవులో ఆనాటి పరాయివాళ్లు ఈ పల్లెలవారే.