మందుతో పాటు మట్టి పని: మనసు కుదుటపడే దారి

రాస్ లఫాన్‌లో షట్‌డౌన్ పనులు నడుస్తున్న రోజులవి. డ్యూటీ ముగించుకుని బస్సులో క్యాంపుకు చేరేసరికి ఒళ్లు హూనమయ్యేది. మా గదిలో ఆరుగురం. అందులో నిజామాబాద్ జిల్లా తమ్ముడొకడు, స్కఫోల్డింగ్ పని చేసేవాడు. మొదట తిండి తగ్గించాడు. తర్వాత రాత్రిళ్లు నిద్రపోకుండా బంక్ మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తేవాడు కాదు. ‘డ్యూటీ ఎగ్గొట్టడానికి నాటకం’ అన్నారు కొందరు. ‘ఎవరో ఏదో చేయించారు’ అన్నారు ఇంకొందరు. మేమూ రెండు వారాలు పట్టించుకోలేదు. ఒకనాడు అన్నం ముందు కూర్చుని ‘నేనుండి ఏం లాభం అన్నా’ అన్నాడు. అప్పుడు గానీ మాకు భయం పుట్టలేదు.

ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టర్ డిప్రెషన్ అని చెప్పి మందులు రాశారు. కొన్నాళ్లకు ఇంటికి వెళ్లాడు. వాళ్లమ్మ వాణ్ని గదిలో పెట్టి తలుపు వేయలేదు. పొద్దున్నే లేపి, మాత్ర వేయించి, తనతో పసుపు చేనుకు తీసుకెళ్లేది. ‘చేతనైనంతే చెయ్యి బిడ్డా’ అనేదట.

ఆ తల్లి చేసిన పనే అమెరికాలో ఒకచోట వందేళ్లకు పైగా చికిత్సలో భాగంగా నడుస్తోంది.

అతిథులే పాలు పితుకుతారు

మసాచుసెట్స్ రాష్ట్రంలో మాంటెరీ అనే చిన్న ఊరి దగ్గర గౌల్డ్ ఫామ్ ఉంది. విలియం గౌల్డ్, ఆగ్నెస్ గౌల్డ్ అనే దంపతులు 1913లో దాన్ని మొదలుపెట్టారు. మనసు దెబ్బతిన్నవాళ్లు అక్కడ నెలల తరబడి ఉంటారు. వాళ్లను రోగులు అనరు, అతిథులు అంటారు. ఒక్కసారికి సుమారు 40 మంది ఉంటారు. అక్కడ పనిచేసే సిబ్బంది కూడా చాలామంది కుటుంబాలతో ఆ పొలంలోనే కాపురముంటారు. పొద్దున్నే ఎవరి పనికి వారు వెళతారు. పశువుల దగ్గరికి కొందరు, కూరగాయల తోటకు కొందరు, వంటింటికి కొందరు, అడవిలో కట్టెల పనికి కొందరు. భోజనం అందరూ కలిసి చేస్తారు. డాక్టర్లు, మందులు, మాట్లాడే కౌన్సెలర్లు కూడా ఉంటారు.

అక్కడికి వెళ్లడం ఖర్చుతో కూడిన పని. మనలాంటివాళ్లకు అందేది కాదు. కానీ అక్కడి పద్ధతిలో మనం నేర్చుకోదగింది ఉంది.

మరి మన పని మనకెందుకు మందు కాదు?

ఇది చదివి మీలో కొందరు నవ్వుకోవచ్చు. ‘పని చేస్తే మనసు బాగవుతుందంటే రాస్ లఫాన్‌లో అందరికంటే ఆరోగ్యవంతులం మనమే కదా’ అని. మేమూ అదే అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే తేడా తెలిసింది.

ఆ పొలంలో మనిషి బలాన్ని బట్టి పని ఇస్తారు. ఈ రోజు గంటసేపే చేయగలిగితే గంటే. మనకు ఎండ, టార్గెట్, ఓవర్‌టైమ్. నెత్తిన ఏజెంటుకు కట్టిన అప్పు, దాని వడ్డీ. భార్యాపిల్లలు ఫోన్ తెరలోనే కనిపిస్తారు. కాబట్టి మందు అయ్యేది ఉత్త పని కాదు. చేతనైనంత పని, వేళకు నిద్ర, వేళకు తిండి, చేసిందాని ఫలితం కంటికి కనిపించడం, నువ్వు రాకపోతే ‘ఎందుకు రాలేదు’ అని అడిగే మనిషి ఉండడం. ఇవన్నీ కలిస్తేనే మనసు కుదుటపడుతుంది. అదీ డాక్టర్ ఇచ్చిన మందుకు తోడుగానే, దానికి బదులుగా కాదు.

ముంబై వీధిలో మన కుర్రాడు

మన దేశంలోనూ ఇలాంటి ప్రయత్నం ఉంది. 1988 ప్రాంతంలో ముంబైలో డాక్టర్ భరత్ వట్వానీ, ఆయన భార్య స్మిత ఒక యువకుణ్ని చూశారు. కొబ్బరి చిప్పతో మురికి కాలువ నీళ్లు తాగుతున్నాడు. తీసుకెళ్లి వైద్యం చేశారు. తేరుకున్నాక చెబితే తెలిసింది, అతను ఆంధ్రప్రదేశ్ వాడు, డిగ్రీ చదివి ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా చేసినవాడు. తండ్రి జిల్లా పరిషత్ ఉద్యోగి. కొడుకు కోసం ఆ కుటుంబం ఎంత ఏడ్చిందో మనకు చెప్పనక్కర్లేదు.

ఆ దంపతులు శ్రద్ధ రిహాబిలిటేషన్ ఫౌండేషన్ పెట్టారు. 2006లో ముంబై బయట కర్జత్‌లో, పల్లె వాతావరణంలో కేంద్రం కట్టారు. వీధుల్లో తిరిగే మానసిక రోగులకు వైద్యం చేసి, ఊరు కనుక్కుని, ఇంటికి చేర్చడం వాళ్ల పని. 2018లో డాక్టర్ వట్వానీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చేనాటికి అలా ఇల్లు చేరినవాళ్లు 7,000 మందికి పైనే.

గదిలో మనం చేయగలిగింది

క్యాంపులో పొలం లేదు. కానీ పక్క బంక్‌లో మనిషి ఉన్నాడు. నిద్ర, తిండి మానేసినా, ఇంటికి మాట్లాడకపోయినా, లేని మాటలు వినిపిస్తున్నాయన్నా వెక్కిరించకండి. పక్కన కూర్చోండి. మెస్‌కు తోడు తీసుకెళ్లండి. ‘చచ్చిపోవాలనుంది’ అంటే ఒంటరిగా వదలకండి. వెంటనే 999కి చేయండి. హమద్ మెడికల్ కార్పొరేషన్ వారి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 16000 కూడా ఉంది.

డిప్రెషన్ మందు పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. బాగైందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు. ఇండియా నుంచి నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు ఎవరైనా ఇచ్చి పంపితే కళ్లు మూసుకుని తేకండి. కొన్నింటి మీద ఇక్కడ నిషేధం ఉంది. మీ సొంత మందులకైనా డాక్టర్ చీటీ ఉండాలి, అవి ఇక్కడికి తేవచ్చో లేదో ముందే కనుక్కోవాలి.

ఊళ్లో ఉన్న కుటుంబానికీ ఒక మాట చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ఎర్రగడ్డ పేరును మనం తిట్టుగా వాడతాం. ఆ అలవాటు మానుకుంటే సగం మంది సిగ్గుపడకుండా డాక్టర్ దగ్గరికి వెళతారు.

మా తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. పసుపు ఉడకబెట్టి ఆరబోశారట. రాత్రి పూట ఒక మాత్ర ఇంకా వేసుకుంటున్నాడట. అప్పు కొంత మిగిలే ఉందన్నాడు. మేము క్యాంపు కబుర్లు చెబుతుంటే మధ్యలో ఆపి అడిగాడు. ‘నా బంక్‌లోకి ఎవరొచ్చారన్నా? అన్నం సరిగ్గా తింటున్నాడా?’