తప్పు ఎవరిది? కాపలా ఎవరిది?

నడిసముద్రంలో చమురు బావి పేలింది. పదకొండు మంది చనిపోయారు. 87 రోజులపాటు ఆ బావి చమురు కక్కుతూనే ఉంది. ‘నా తప్పు కాదంటే నా తప్పు కాద’న్నారు అందరూ. చివరికి ఎవరి వాటా ఎంతో కోర్టు నూటికి లెక్కకట్టి మరీ చెప్పింది. ఆ లెక్కలోకి రాకుండా మిగిలిపోయినవాడు ఒకడున్నాడు... కాపలాదారు!

అది 2010 మే 11. వాషింగ్టన్‌లో సెనేట్‌ కమిటీ విచారణ. మూడు పెద్ద కంపెనీల అధికారులు ఒకే బల్ల ముందు పక్కపక్కనే కూర్చున్నారు. మొదట బీపీ వంతు. బావిని మూసెయ్యాల్సిన యంత్రం ట్రాన్స్‌ఓషన్‌దనీ, అది పనిచెయ్యలేదనీ చెప్పారు బీపీ ప్రతినిధి. తర్వాత ట్రాన్స్‌ఓషన్‌ అధిపతి. రిగ్గు మాదే కానీ నిర్ణయాలన్నీ బీపీవి, సిమెంటు పని హాలిబర్టన్‌ది అన్నారాయన. మూడో మనిషి హాలిబర్టన్‌ నుంచి వచ్చారు. బీపీ ఎలా చెయ్యమంటే అలా చేశాం, అంతకుమించి మాకేం సంబంధం అన్నట్టు మాట్లాడారు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత అక్కడెవరికైనా తెలుసో లేదో! మూడు రోజుల తర్వాత అధ్యక్షుడు ఒబామా ఆ తంతును అందరి ముందే ఎండగట్టారు. తన ప్రభుత్వానికి కూడా ఇందులో బాధ్యత ఉందని ఒప్పుకున్నారు.

వాళ్లు అలా వాదులాడుకునే సమయానికి మెక్సికో సింధుశాఖ అడుగున చమురు ఇంకా ఎగజిమ్ముతూనే ఉంది.

ఆ రాత్రి ఏం జరిగింది?

లూసియానా తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరంలో, 1,500 మీటర్ల లోతు నీళ్లలో ఉంది ఆ బావి. సముద్రం అడుగు నుంచి మరో నాలుగు వేల మీటర్ల కిందికి తవ్వారు. దాని పేరు మకోండో. నోబెల్‌ రచయిత గార్షియా మార్క్వెజ్‌ నవలలోని ఊరి పేరది. ఆ కథలో ఆ ఊరు చివరికి తుడిచిపెట్టుకుపోతుంది. ఆ పేరు పెట్టినవాళ్లకు అది గుర్తుకొచ్చినట్టు లేదు!

తవ్విన రిగ్గు పేరు డీప్‌వాటర్‌ హొరైజన్‌. తయారైంది దక్షిణ కొరియాలో. ఎగరేసింది మార్షల్‌ దీవుల జెండా. యజమాని స్విట్జర్లాండ్‌లో నమోదైన ట్రాన్స్‌ఓషన్‌. అద్దెకు తీసుకుంది బ్రిటన్‌కు చెందిన బీపీ. తవ్వింది అమెరికా సముద్రంలో. ఇంతమంది చేతులు పడ్డ చోట ఏదైనా జరిగితే ఎవర్ని పట్టుకోవాలి?

ఏప్రిల్‌ 20 నాటికి పని దాదాపు ఆరు వారాలు ఆలస్యమైంది. ఒక్క రిగ్గు అద్దే రోజుకు 5 లక్షల డాలర్లు. బావి తవ్వడం అయిపోయింది, సిమెంటుతో బిగించి వెళ్లిపోవడమే మిగిలింది. రాత్రి పదిగంటల లోపే బావిలోంచి గ్యాస్‌ తన్నుకొచ్చి భగ్గుమంది. రిగ్గుమీద ఉన్న 126 మందిలో 11 మంది మళ్లీ కనిపించలేదు. రెండు రోజులు మండి, ఏప్రిల్‌ 22న రిగ్గు మునిగిపోయింది. ఆరోజు ధరిత్రీ దినోత్సవం.

బావికి మూత పడింది జులై 15న. ఈలోగా 2,100 కిలోమీటర్ల తీరానికి చమురు అంటింది. ఒక దశలో సింధుశాఖలోని అమెరికా జలాల్లో మూడోవంతుకు పైగా చేపలవేట ఆపేశారు.

తలా ఒక తప్పు

చమురు బావి అంటే మూత బిగించిన ప్రెషర్‌ కుక్కర్‌ లాంటిది. లోపలి ఒత్తిడిని ఆపడానికి ఒకదాని తర్వాత ఒకటిగా అడ్డుకట్టలు ఉంటాయి. ఒకటి పోయినా ఇంకొకటి కాపాడాలి. ఇక్కడ అన్నీ వరసపెట్టి పోయాయి.

సిమెంటు సమంగా పరుచుకోవాలంటే గొట్టం బావికి సరిగ్గా మధ్యలో నిలబడాలి. అందుకు కడియాల్లాంటి పరికరాలు తొడుగుతారు. 21 కావాలని హాలిబర్టన్‌ లెక్క చెప్పింది. బీపీ ఆరింటితో సరిపెట్టింది. హాలిబర్టన్‌ సిమెంటు మిశ్రమం కూడా నికరమైంది కాదని ముందే చేసిన పరీక్షల్లో తేలిందని అధ్యక్షుడు నియమించిన కమిషన్‌ తర్వాత బయటపెట్టింది. సిమెంటు గట్టిగా పట్టిందో లేదో చూడటానికి పిలిపించిన నిపుణులను ఆ పరీక్ష చేయించకుండానే అదేరోజు ఉదయం వెనక్కి పంపేశారు.

సాయంత్రం ఇంకో పరీక్ష చేశారు. బావిలో ఒత్తిడి తగ్గించి, లోపల్నుంచి ఏదైనా పైకి తన్నుతోందేమో చూడటమే ఆ పరీక్ష. తన్నుతోందని అంకెలు చెబుతూనే ఉన్నాయి. బీపీ మనుషులు, ట్రాన్స్‌ఓషన్‌ మనుషులు కలిసి ఆ అంకెలకు వేరే అర్థం చెప్పుకొన్నారు. అంతా బాగానే ఉందనుకున్నారు!

చివరి అడ్డుకట్ట సముద్రం అడుగున ఉన్న బ్లోఅవుట్‌ ప్రివెంటర్‌. అయిదంతస్తుల మేడంత యంత్రం అది. ప్రమాదం వస్తే గొట్టాన్ని కత్తిరించి బావిని మూసెయ్యాలి. లోపలి ఒత్తిడికి గొట్టం వంగి పక్కకు జరిగింది. కత్తెర దాన్ని పూర్తిగా తెంచలేకపోయింది.

ఇందులో ఏ ఒక్కటీ విధి ఆడిన ఆట కాదు. ప్రతిదాని వెనకా ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఉంది. ఆ నిర్ణయాల్లో చాలావాటివల్ల సమయం కలిసొస్తుందని, డబ్బు మిగులుతుందని 2011 జనవరిలో కమిషన్‌ తేల్చింది. తప్పు ఒక కంపెనీదే కాదని, మొత్తం పద్ధతిలోనే ఉందని కూడా చెప్పింది.

కంచే చేను మేస్తే...

ఇంతకీ ఇవన్నీ చూడాల్సినవాళ్లు ఏం చేస్తున్నారు?

అమెరికా సముద్రాల్లో చమురు తవ్వకాలను అప్పట్లో చూసుకున్నది మినరల్స్‌ మేనేజ్‌మెంట్‌ సర్వీస్‌. సముద్రాన్ని కంపెనీలకు లీజుకిచ్చేది అదే. వాటినుంచి రాయల్టీ వసూలు చేసేదీ అదే. భద్రత తనిఖీ చేసేదీ అదే! ఏటా వందలకోట్ల డాలర్లు ఖజానాకు తెచ్చిపెట్టే శాఖ. తవ్వకం ఎంత జోరుగా సాగితే అంత రాబడి. అలాంటి శాఖ పని ఆపమని ఎవరితో చెప్పగలదు? అద్దె వసూలు చేసుకునేవాడే గోడ బీటలు కూడా చూడాలంటే, అతని కళ్లు ఎటువైపు ఉంటాయో వేరే చెప్పాలా?

ఆ శాఖ ఉద్యోగులు చమురు కంపెనీల నుంచి కానుకలు, విందులు పుచ్చుకున్నారని 2008లోనే ప్రభుత్వ విచారణ తేల్చింది. కంపెనీ ఇచ్చిన తవ్వకం ప్రణాళికను పరిశీలించడానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులే.

అన్నిటికన్నా నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. చమురు ఒలికితే ఏం చెయ్యాలో చెబుతూ బీపీ ఇచ్చిన ప్రణాళికలో వాల్రస్‌లను కాపాడటం గురించి రాసుంది. వాల్రస్‌లు మంచు సముద్రాల్లో బతికే జంతువులు. వెచ్చటి మెక్సికో సింధుశాఖలో మచ్చుకైనా ఉండవు! సంప్రదించాల్సిన నిపుణుల జాబితాలో ఒకాయన అప్పటికి నాలుగేళ్ల కిందటే చనిపోయారు. ఎక్కడిదో కాగితం తెచ్చి పేరు మార్చి ఇచ్చారన్నమాట. అంతకన్నా ఆశ్చర్యం, ఆ కాగితం మీద ఆమోదముద్ర పడటం!

రొయ్యలూ కావాలి... రిగ్గులూ కావాలి

‘ఇక సముద్రంలో తవ్వకాలే వద్దు’ అన్నారు పర్యావరణవాదులు. ఒబామా ప్రభుత్వం లోతైన జలాల్లో తవ్వకాలను ఆరు నెలలు ఆపేసింది. 33 బావుల దగ్గర పని నిలిచిపోయింది. లూసియానా ప్రజలు సంతోషించారా? లేదు. ఆ రాష్ట్రంలో ఒకే ఇంట్లో అన్న రొయ్యలవేటకు వెళితే తమ్ముడు రిగ్గుమీద పనికి వెళతాడు. అక్కడి మోర్గన్‌ సిటీలో ఏటా చేసుకునే వేడుక పేరే ‘రొయ్యలు, పెట్రోలియం పండుగ’! చమురు మా వేటను మింగింది, నిషేధం మా కూలిని మింగుతుందా అని అడిగారు వాళ్లు. భారతీయ మూలాలున్న అప్పటి గవర్నర్‌ బాబీ జిందాల్‌ కూడా నిషేధాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఒక ఫెడరల్‌ జడ్జి దాన్ని కొట్టేశారు. ప్రభుత్వం మళ్లీ కొత్త ఉత్తర్వు ఇచ్చి, అక్టోబరులో ఎత్తేసింది.

రెండు వైపులా న్యాయం ఉన్న వాదన ఇది. అందుకే అసలు ప్రశ్న తవ్వాలా వద్దా అన్నది కాదు. తవ్వేటప్పుడు ‘ఆపు’ అనగల మనిషి అక్కడ ఉన్నాడా లేడా అన్నది.

నూటికి 67

నష్టపరిహారం సంగతికొస్తే, అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి ప్రమాదాల్లో కంపెనీ కట్టాల్సిన పరిహారానికి అప్పట్లో 7.5 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితి ఉంది. జనాగ్రహం చూసి బీపీ ఆ పరిమితిని వదులుకుంది. జూన్‌ 16న 2 వేల కోట్ల డాలర్ల నిధికి ఒప్పుకుంది.

సరిగ్గా ఆ తొమ్మిది రోజుల ముందు, జూన్‌ 7న, భోపాల్‌ కోర్టు ఓ తీర్పు చెప్పింది. వేలమందిని బలిగొన్న 1984 నాటి గ్యాస్‌ దుర్ఘటనలో దోషులకు రెండేళ్ల శిక్ష వేసింది. వెంటనే బెయిలూ దొరికింది. 1989లో యూనియన్‌ కార్బైడ్‌ ఇచ్చిన పరిహారం 47 కోట్ల డాలర్లు. ఆ రెండు వార్తలూ పక్కపక్కన చదివిన మనవాళ్ల కడుపు రగిలిపోయిందంటే ఆశ్చర్యమేముంది!

2014 సెప్టెంబరు 4న న్యూ ఆర్లీన్స్‌లో ఫెడరల్‌ జడ్జి కార్ల్‌ బార్బియర్‌ తప్పును పంచారు. బీపీకి 67 శాతం, ట్రాన్స్‌ఓషన్‌కు 30, హాలిబర్టన్‌కు 3. బీపీది మామూలు నిర్లక్ష్యం కాదు, ఘోర నిర్లక్ష్యం అన్నారు. ఆ ఒక్క మాటతో జరిమానా బ్యారెల్‌కు 1,100 డాలర్ల నుంచి 4,300 డాలర్ల దాకా పెరగొచ్చు. అందుకే ఎన్ని బ్యారెళ్లు ఒలికాయన్న దానిమీదా పెద్ద యుద్ధమే జరిగింది. ప్రభుత్వం దాదాపు 42 లక్షలంది. బీపీ 24.5 లక్షలంది. కోర్టు 31.9 లక్షల దగ్గర నిలబడింది. అంటే సుమారు 50 కోట్ల లీటర్లు. చివరికి 2016లో ఖరారైన రాజీ మొత్తం 2,080 కోట్ల డాలర్లు. అన్నీ కలిపి బీపీకి 6,500 కోట్ల డాలర్లకు పైగా వదిలింది.

పదకొండు మంది మరణాలకు సంబంధించిన నేరాన్ని కంపెనీగా బీపీ ఒప్పుకుంది. మనుషులెవరూ మాత్రం జైలుకు వెళ్లలేదు. 67, 30, 3... కూడితే వంద. కాపలా కాయాల్సినవాడి వాటా అందులో లేదు.

ఏరు దాటాక...

ప్రమాదం జరిగిన నెల తిరిగేసరికి ఆ శాఖను విడదీస్తామన్నారు. దాని అధిపతి పదవి వదిలారు. 2011 అక్టోబరు నాటికి లీజులకొకటి, భద్రతకొకటి, వసూళ్లకొకటిగా మూడు సంస్థలు ఏర్పడ్డాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన విద్యేం కాదు. 1988 జులై 6న బ్రిటన్‌ వైపు ఉత్తర సముద్రంలో పైపర్‌ ఆల్ఫా అనే ప్లాట్‌ఫారం తగలబడి 167 మంది చనిపోయారు. విచారణ జరిపిన లార్డ్‌ కలెన్‌ 106 సిఫార్సులు చేశారు. వాటిలో ముఖ్యమైంది, భద్రత బాధ్యతను ఇంధనశాఖ నుంచి తప్పించి విడిగా ఉన్న సంస్థకు ఇవ్వడం. ‘ఈ పని క్షేమంగా చెయ్యగలను’ అని రుజువు చెయ్యాల్సిన బాధ్యతను కంపెనీ మీదే పెట్టడం ఇంకొకటి. నార్వే కూడా 2004లో భద్రతను విడదీసింది. అంటే అమెరికాకు పాఠం ఇరవయ్యేళ్ల ముందే సిద్ధంగా ఉంది. చదివినవాళ్లే లేరు.

చదివాకైనా గుర్తుంచుకున్నారా? బావుల భద్రతకు కట్టుదిట్టమైన నిబంధనలు 2016 ఏప్రిల్‌లో వచ్చాయి... ప్రమాదం జరిగిన ఆరేళ్లకు. మూడేళ్లు తిరిగేసరికి, 2019 మేలో, ట్రంప్‌ ప్రభుత్వం వాటిలో కొన్నిటిని సడలించింది. యంత్రాలను పరీక్షించే బయటి నిపుణులకు ప్రభుత్వ ఆమోదం ఉండాలన్న నియమం అలా పోయినవాటిలో ఒకటి. కంపెనీలకు అనవసరపు భారం తగ్గించామన్నారు. 2023లో బైడెన్‌ ప్రభుత్వం కొన్నిటిని మళ్లీ బిగించింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం, మళ్లీ వరదొస్తుందేమోనని భయపడి ఇంకో తెప్ప కట్టుకోవడం!

మన తీరం సంగతి?

బ్లోఅవుట్‌ అనే ఇంగ్లిషు మాటకు కోనసీమ పల్లెల్లో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేశారు. 2005 జులైలో అరేబియా సముద్రంలోని ముంబయి హైలో ప్లాట్‌ఫారం కాలిపోయి 22 మంది బలయ్యారు.

ఇప్పుడు మన తవ్వకాలూ లోతుకు వెళ్లాయి. బీపీ 2011లోనే రిలయన్స్‌తో చెయ్యి కలిపి కేజీ బేసిన్‌లో 30 శాతం వాటా కొంది. ఆ రెండు సంస్థలూ కాకినాడ తీరానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, 2 వేల మీటర్లకు పైగా లోతున్న నీళ్లలోంచి 2020 డిసెంబరులో గ్యాస్‌ తియ్యడం మొదలుపెట్టాయి. మకోండో దగ్గరకన్నా నీళ్ల లోతు ఎక్కువ. గ్యాస్‌ ముడిచమురులా తెట్టు కట్టదన్నది నిజమే. అయితే 2024 జనవరిలో ఓఎన్‌జీసీ ఇదే తీరానికి 35 కిలోమీటర్ల దూరంలో చమురు కూడా తీసింది. ఒడ్డున కోరింగ మడ అడవులు, వేటమీదే బతికే మత్స్యకారుల పల్లెలు ఉన్నాయి. లూసియానాలాగే మనకూ రొయ్యలు కావాలి, రిగ్గులూ కావాలి.

మన దగ్గర సముద్ర తవ్వకాల భద్రతకు 2008లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి అమలు చూసే బాధ్యత చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్‌ది. అది ఉన్నది పెట్రోలియం మంత్రిత్వశాఖ కింద. ఉత్పత్తి పెంచాలని కోరుకునేదీ, ఓఎన్‌జీసీని నడిపించేదీ అదే మంత్రిత్వశాఖ. అక్కడి అధికారులు సమర్థులే కావచ్చు, నిజాయతీపరులే కావచ్చు. అయినా ఉత్పత్తి కావాలనే పైవాడికి ‘ఈ బావి ఆపండి’ అని చెప్పాల్సిన రోజు వస్తే ఆ మాట ఎంత గట్టిగా అనగలరు? ఈ ప్రశ్న వేసుకోవడానికి ప్రమాదం దాకా ఆగక్కర్లేదు.

తప్పు ఎవరిదో తేల్చడానికి కోర్టులున్నాయి. ఎన్నేళ్లకైనా తేలుస్తాయి. పరిహారం కూడా ఇప్పిస్తాయి. కానీ ఆ పదకొండు ఇళ్లకు కావలసింది ఆ లెక్క కాదు. ఏప్రిల్‌ 20 సాయంత్రం, పరీక్షలో అంకెలు తేడాగా కనిపించినప్పుడు, ఆలస్యమైనా సరే పని ఆపమని చెప్పే ఒక్క గొంతు. అలా చెప్పినందుకు ఉద్యోగం పోదన్న ధైర్యం ఆ గొంతుకు ఇవ్వడమే అసలైన నియంత్రణ.