అది బీడు కాదు!

ప్రపంచ జనాభా 2022 నవంబరులో 800 కోట్లకు చేరింది. మనుషులు పెరిగితే ప్రకృతి తరుగుతుందని, మనుషులు తగ్గితే అదే తిరిగొస్తుందని మనం నమ్ముతాం. జనం వచ్చి, వెళ్లిపోయి, మళ్లీ పెరిగిన ఒక మహా గడ్డిమైదానం మాత్రం వేరే సంగతి చెబుతోంది.

ఏటా మే నెల మధ్యలో కజకిస్తాన్ మైదానాల్లో వేలకొద్దీ ఆడ సైగా జింకలు ఒకచోట చేరతాయి. వారం పది రోజుల్లో దాదాపు అన్నీ ఈనేస్తాయి. చాలావాటికి కవలలే. చిన్న తొండంలా కిందికి వాలిన ముక్కు వాటి గుర్తు. వేసవిలో అది దుమ్మును వడగడుతుంది, చలికాలంలో మంచుగాలిని వెచ్చబరుస్తుంది. చుట్టూ కనుచూపు మేర చెట్టన్నది కనబడదు. కొత్తవారెవరైనా చూస్తే ‘ఏముందిక్కడ, ఉత్త బీడు’ అంటారు. గడ్డినేలల కష్టాలన్నీ ఆ ఒక్క మాటతోనే మొదలయ్యాయి.

చెట్టు లేకపోవడమే శాపం

వాన, ఎండ, చలిని బట్టి, అక్కడ పెరిగే మొక్కలను బట్టి శాస్త్రవేత్తలు నేలను బయోమ్‌లుగా విడదీస్తారు. ఉత్తర ధ్రువం వైపు టండ్రా, దాని దిగువన టైగా అడవులు, ఆ తర్వాత ఆకురాల్చే అడవులు, గడ్డిమైదానాలు, ఎడారులు, భూమధ్యరేఖ దగ్గర వానడవులు. గడ్డకట్టిన టండ్రాలో నాగలి దిగదు. టైగాలో పంట చేతికొచ్చేలోగా చలి ముంచుకొస్తుంది. వానడవిలో ముందు మహావృక్షాలతో పోరాడాలి. గడ్డినేలకు ఇలాంటి కోటగోడ ఏదీ లేదు. పైగా వేల ఏళ్లుగా గడ్డివేళ్లు కుళ్లి పోగుచేసిన నల్లటి సారం దాని కడుపులో ఉంది. అందుకే సమశీతల గడ్డిమైదానాల్లో దాదాపు సగం ఇప్పటికే పొలాలుగా, ఊళ్లుగా మారిపోయింది. రక్షణ కింద ఉన్నది చాలా కొద్ది భాగమే. మన కంచంలోకి వచ్చే వరి, గోధుమ, జొన్న, మొక్కజొన్న అన్నీ గడ్డిజాతి మొక్కలే. ఆ రుణమైనా మనకు గుర్తుండాలి.

నాగలి వచ్చింది

కజక్ సంచారులు తరతరాలుగా గొర్రెలతో, గుర్రాలతో రుతువు వెంట కదిలేవారు. మేసిన చోట గడ్డి మళ్లీ తేరుకునే వ్యవధి అలా దొరికేది. 1930ల మొదట్లో సోవియట్ ప్రభుత్వం వాళ్ల మందలను లాక్కుని, బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టింది. దాంతో వచ్చిపడిన కరవులో సుమారు 15 లక్షల మంది చనిపోయారు. మైదానం మనసెరిగిన మనుషులు వాళ్లు.

1954లో సోవియట్ నేత క్రుశ్చేవ్ ‘త్సెలినా’ ఉద్యమం మొదలుపెట్టారు. రష్యన్‌లో ఆ మాటకు దున్నని నేల అని అర్థం. లక్షల మంది రైళ్లెక్కి వచ్చారు. ఒక్క కజకిస్తాన్‌లోనే దాదాపు 2.5 కోట్ల హెక్టార్లు దున్నేశారు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే అంతకన్నా కాస్త ఎక్కువ, అంతే. 1961లో ఒక నగరానికి ఏకంగా త్సెలినోగ్రాద్ అని పేరు పెట్టారు. నేటి రాజధాని అస్తానా అదే. 1956లో పంట విరగపండింది. కొన్నేళ్లకే, వేళ్ల పట్టు తప్పిన మట్టిని గాలి ఎత్తుకుపోసాగింది. 1963లో పంట దెబ్బతిని, సోవియట్ యూనియన్ విదేశాల్లో గోధుమలు కొనుక్కోవాల్సి వచ్చింది.

జనం వెళ్లిపోయారు

1991లో సోవియట్ యూనియన్ కూలింది. రష్యన్, జర్మన్ కుటుంబాలు పెద్దఎత్తున తరలిపోయాయి. 1989, 1999 జనగణనల మధ్య కజకిస్తాన్ జనాభా పది లక్షలకు పైగా తగ్గింది. వదిలేసిన పొలాల్లో గడ్డి మళ్లీ మొలిచింది. ఇక సైగాలకు మంచిరోజులే అనుకోవాలి. కానీ దశాబ్దం కిందట లక్షల్లో ఉన్న సైగాలు 2003 నాటికి కజకిస్తాన్‌లో సుమారు 21 వేలే మిగిలాయి.

కారణం ఆకలి. జీతాలు ఆగిన ఊళ్లలో తుపాకీయే తిండి పెట్టింది. మగ సైగా కొమ్ముకు చైనా సంప్రదాయ వైద్యంలో మంచి ధర ఉంది. సరిహద్దులు తెరుచుకున్నాయి, కాపలా కరవైంది. మగవాటినే ఏరి చంపడంతో ఆడవాటికి జోడీ లేకుండా పోయింది.

ఇద్దరూ పెరిగారు

2000ల మధ్యలో ‘అల్తిన్ దాలా’ కార్యక్రమం మొదలైంది. బంగారు మైదానమని దాని అర్థం. ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు కలిసి వేటను అడ్డుకున్నాయి, కొత్త రక్షిత ప్రాంతాలు ఏర్పడ్డాయి. 2015లో సరిగ్గా ఈనే వేళ బ్యాక్టీరియా సోకి కొద్ది వారాల్లోనే రెండు లక్షలకు పైగా సైగాలు చనిపోయాయి. అయినా కాపలా సడలలేదు. 2023 నాటికి వాటి సంఖ్య 19 లక్షలు. అదే ఏడాది నవంబరులో కజకిస్తాన్ జనాభా 2 కోట్లకు చేరింది. జనం తగ్గినప్పుడు తరిగిన జింకలు, జనం పెరిగినప్పుడు పెరిగాయి! ఇప్పుడు అవి పొలాలు తొక్కేస్తున్నాయని పశ్చిమ కజకిస్తాన్ రైతులు గోడు వెళ్లబోసుకుంటున్నారు. ఆ గోడు న్యాయమైనదే. కలిసి బతకడమంటే ఇలాంటి తగవులను ఓపిగ్గా తీర్చుకోవడం.

మన రోళ్లపాడు మాటేమిటి?

నంద్యాల జిల్లా రోళ్లపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం ఏర్పాటుచేశారు. దాని విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పిట్టకు అది చాలదు. చుట్టూ ఉన్న మెట్టచేలు, గడ్డిభూములు కూడా దాని ఇల్లే. కాలువ నీళ్లొచ్చాక పంటలు మారాయి, గడ్డి తరిగింది. సాధారణంగా ఈతకు ఒకే గుడ్డు పెట్టే ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు. దేశం మొత్తం మీద సహజ ఆవాసాల్లో అవి 150కి మించి లేవని అంచనా. సీమ రైతు నీళ్లు కోరుకోవడం తప్పు కాదు. గడ్డినేలకూ ఒక విలువ ఉందని, దాన్ని కొంతైనా మిగిల్చుకోవాలని ఎవరూ లెక్క వేయకపోవడమే తప్పు.

ఐక్యరాజ్యసమితి 2024 అంచనా ప్రకారం ప్రపంచ జనాభా 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్లకు చేరి, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. తగ్గేదాకా ఆగుదామంటే అప్పటికి తిరిగి రావడానికి పిట్టలు మిగలవు. జనం ఖాళీ చేసినంత మాత్రాన నేల కోలుకోదని సైగాలు చూపించాయి. దాన్ని తమదనుకుని కాచేవాళ్లుంటే, జనం మధ్యనైనా కోలుకుంటుందని కూడా అవే చూపించాయి.

వచ్చే మే నెలలో ఆ మైదానంలో మళ్లీ లక్షల కూనలు లేచి నిలబడతాయి. మన అడంగల్‌లో ఒక సర్వే నంబరు ఎదుట ‘బీడు’ అని రాసే ముందు, ఆ గడ్డిలో ఒక్కసారి నెమ్మదిగా నడిచి చూద్దాం. ఏ గుడ్డు మీద అడుగు పడుతుందోనన్న భయంతో నడుద్దాం.